ఉన్నత పాఠశాలలలో వ్యవసాయ విద్య: తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల దృష్ట్యా

చెన్నపట్టణమునుండి పడమరగా పోవు రైలుమార్గమున ముందు తిరువళ్ళూరు వచ్చును. అరక్కోణము దాటి ఉత్తరముగా మరలినచో తిరుత్తణి వచ్చును. ఒకటి వీరరాఘవస్వామి క్షేత్రము. మరొకటి సుబ్రహ్మణ్యస్వామి వెలసిన కొండ. యాత్రికులకు ఈ రెండు ఊళ్ళు దేవాలయములచే పరిచితములు. ఆ దేవాలయముల చుట్టునున్న పల్లెలకు మాత్రము చెరువు, మడి, చేను ఇవియే జీవనాధారములు. కొసస్థలి, ఆరణి, కూవము నదుల నడుమ గొలుసుకట్టుగా అమరిన చెరువులక్రింద వరియు, మెట్టనేలలలో వేరుశెనగయు, బావులక్రింద చెరకును ఇచటి ముఖ్యమైన పైరులు. సంవత్సరమున కురియు వర్షములో అధికభాగము ఈశాన్య ఋతుపవనములవలన కలుగును. కావున కార్తిక మాసమునాటికి చెరువు నిండినదా లేదా అనుదానిపై ఆ యేటి సంసారము ఆధారపడియుండును.

తిరుత్తణి తాలూకా పూర్వము చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కరు నిర్ణయమును అనుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మద్రాసు రాష్ట్రమున చేరినది. సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలో ఒక భాగమై యుండి, 1997లో ప్రత్యేకముగా జిల్లా అయినది. సరిహద్దు రేఖ జరిగినను పొలము జరుగలేదు. ఇంటిలో తెలుగు మాటలాడు రైతు కుటుంబములు ఆ నేలపైననే నిలిచినవి. వారి బిడ్డలు ఉన్నత పాఠశాలలో అడుగిడినప్పుడు ఒక ప్రశ్న పుట్టుచున్నది. తండ్రి చేతి విద్యకును బడిలోని పుస్తక విద్యకును సంబంధమేమి? ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి సమాధానములు వెదకిన ప్రయత్నములు నూరేండ్లకు మించి సాగినవి. వానిలో కొన్ని ఈ నేలతోనే ముడిపడియున్నవి.

సైదాపేట అనుభవము

దక్షిణదేశమున వ్యవసాయ విద్యకు మొదటి నెలవు సైదాపేట. అదియు నాటి చెంగల్పట్టు జిల్లాలోనిదే. 1860, 1870 దశకములలో మద్రాసు ప్రభుత్వము అచట ప్రయోగ క్షేత్రమును, వ్యవసాయ పాఠశాలను నెలకొల్పినది. ఆ విద్యాలయము 1906లో కోయంబత్తూరునకు తరలినది. నేటి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు మూలమదియే. సైదాపేటలో పాశ్చాత్యుల ఉక్కు నాగళ్ళు, కొత్త ఎరువులు పరీక్షింపబడినవి. అయితే రైతునకు ఏమి తెలియును, ఏమి తెలియదు అను విషయమును ముందు గ్రహించుట ఎంత అవసరమో ఆ కాలమున అందరును గుర్తింపలేదు. 1889లో భారతదేశమునకు వచ్చి, ఊరూరు తిరిగి, 1893లో నివేదిక ప్రకటించిన వోల్కరు పండితుడు ఈ విషయమును స్పష్టపరచెను. భారతీయ రైతు అజ్ఞాని కాడనియు, చాలచోట్ల బ్రిటిషు రైతునకు తీసిపోడనియు, అతనికి కొరవడినది సౌకర్యములేయనియు ఆయన అభిప్రాయము. వ్యవసాయ విద్యను గూర్చి ఆలోచించువారు మొదట జ్ఞప్తియందుంచుకొనవలసిన మాట ఇది.

1926లో నియమింపబడి 1928లో నివేదిక సమర్పించిన రాయల్ వ్యవసాయ కమిషను పాఠశాలల విషయమున రెండు పద్ధతులను పోల్చి చూచినది. ఒకటి బొంబాయి పద్ధతి: రైతు బిడ్డల కొరకు వేరుగా వ్యవసాయ పాఠశాలలు నడుపుట. రెండవది పంజాబు పద్ధతి: సాధారణ పాఠశాలయందే వ్యవసాయమును ఒక పాఠ్యవిషయముగా చేర్చి, బడికి ఒక చిన్న పొలమును, శిక్షణ పొందిన ఉపాధ్యాయుని సమకూర్చుట. కమిషను రెండవదానినే మెచ్చుకొన్నది. బాలుని ఇతర విద్యార్థులనుండి వేరుచేయక, అతని ఎదుటనున్న పొలమునే విద్యకు సాధనముగా చేయుట ఆ పద్ధతి యొక్క గుణము.

తిరుత్తణి బిడ్డ అధ్యక్షత

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషను ఏర్పడినది. దానికి అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించి, ప్రాథమిక విద్యను అచటనే ప్రారంభించి, పిమ్మట తిరుపతిలో చదివెను. దేశమంతయు ఆయనను తత్త్వవేత్తగా, రాష్ట్రపతిగా ఎరుగును. ఆయన జన్మదినమును ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నది. ఆయన అధ్యక్షతన 1949లో వెలువడిన నివేదికలో వ్యవసాయ విద్యకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదని ఎరిగినవారు తక్కువ. ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత విద్య మూడింటియందును వ్యవసాయాధ్యయనమునకు జాతీయ ప్రణాళికలో అగ్రస్థానమీయవలెనని ఆ కమిషను కోరినది. గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని చెప్పినదియు ఆ నివేదికయే. 1960లో పంతనగరున మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయము, 1964లో హైదరాబాదు కేంద్రముగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడుటకు ఆ ఆలోచనయు ఒక పునాది.

ఆ కమిషనులో సభ్యుడైన లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలున జన్మించినవాడు. మద్రాసు విశ్వవిద్యాలయమునకు చిరకాలము ఉపాధ్యక్షుడు. 1952లో నియమింపబడిన మాధ్యమిక విద్యా కమిషనునకు ఆయనయే అధ్యక్షుడు. బహుళార్థసాధక పాఠశాలలు నెలకొల్పవలెనని 1953లో వెలువడిన ఆ నివేదిక సూచించినది. వానిలో బోధింపదగిన ఏడు శాఖలలో వ్యవసాయ మొకటి. గ్రామ పాఠశాలలలో వ్యవసాయముతోపాటు తోటల పెంపకము, పశుపోషణ, కుటీర పరిశ్రమలు బోధింపవలెనని కూడ అందు చెప్పబడినది.

భయమునకు కారణము

ఇంత చక్కని ఆలోచనకు ప్రజల ఆదరణ పూర్ణముగా లభింపకపోవుటకు కారణము కలదు. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారి ప్రభుత్వము ప్రాథమిక విద్యయందు ఒక మార్పు తెచ్చినది. బాలురు పూటలో కొంతభాగము బడిలో చదివి, తక్కిన కాలము తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలెననునది దాని సారము. ఇది కులవృత్తిని శాశ్వతము చేయు పథకమని తీవ్రమైన వ్యతిరేకత చెలరేగినది. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయిన పిమ్మట ఆ పథకము రద్దయినది.

ఆ వివాదము వదలిన గుర్తు నేటికిని మాసిపోలేదు. బడిలో వ్యవసాయమనగానే, తన బిడ్డను మరల కాడి క్రిందికే త్రోయుచున్నారని తండ్రి శంకించును. ఆ శంకను అవివేకమనుటకు వీలులేదు. అప్పులు, అనావృష్టి, ధరల పతనము అనుభవించినవాడు తన కుమారుడు వేరొక దారి చూచుకొనవలెనని కోరుట సహజము. కావున ఉన్నత పాఠశాలలో వ్యవసాయ విద్య నిలువవలెనన్నచో ఒక నియమము తప్పనిసరి: ఆ విద్య విద్యార్థిని పొలమునకు కట్టివేయరాదు. పొలములోనికిని, పొలమునుండి వెలికిని రెండు వాకిళ్ళు తెరచియుంచవలెను.

1964–66 నడుమ పనిచేసిన కొఠారి కమిషను ఇదే విషయమును మరొక వైపునుండి చెప్పినది. లేబ్రాయమున బాలుని పూర్తి రైతుగా తయారుచేయ జూచిన పాఠశాలలు విఫలమైనవనియు, అట్టి ప్రయత్నములను నిలిపివేయవలెననియు ఆ కమిషను నిర్మొహమాటముగా తెలిపినది. దానికి బదులు విద్యార్థులందరి సామాన్య విద్యలోను వ్యవసాయ దృష్టిని చొప్పించవలెను. వృత్తి శిక్షణ కోరువారికి పదవ తరగతి పిమ్మట వ్యవసాయ పాలిటెక్నిక్కులు ఉండవలెను. ఆంధ్రప్రదేశమున ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము, తెలంగాణమున వ్యవసాయ విశ్వవిద్యాలయము నడుపుచున్న రెండేండ్ల డిప్లొమా ఈ మార్గమునకు చెందినది.

తమిళనాడులోని నేటి ఏర్పాటు

తమిళనాడున 1978లో పదునొకండు, పండ్రెండు తరగతులు ఉన్నత పాఠశాలలకు చేర్చబడినపుడు వృత్తి విద్యా విభాగమును కూడ ప్రారంభించిరి. వ్యవసాయము అందొక శాఖ. 2018–19లో పదునొకండవ తరగతికిని, మరుసటి యేట పండ్రెండవ తరగతికిని కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినది. భాషలతోపాటు వ్యవసాయ విజ్ఞానము సిద్ధాంతముగాను ప్రయోగముగాను బోధింపబడును. నేల, విత్తనము, నీరు, ఎరువు, సస్యరక్షణ, ఉద్యానము, పశుపోషణ మున్నగునవి విషయములు.

ఈ విభాగమున చదివినవానికి పైచదువు దారి మూయబడలేదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము పట్టభద్ర తరగతులలో వృత్తి విద్యార్థులకు కొన్ని స్థానములు ప్రత్యేకించుచు వచ్చినది. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వృత్తి కళాశాలలలో నూటికి 7.5 వంతున స్థానములు కేటాయించు 2021 నాటి చట్టము వ్యవసాయ, పశువైద్య, మత్స్య విద్యలకును వర్తించును. పల్లెలోని తండ్రికి ఈ సంగతి తెలిసినచో అతని శంకలో సగము తీరును. తెలియకపోవుటచేతనే వ్యవసాయ విభాగము తక్కువ మార్కులు వచ్చినవారి చివరి గతియను అపప్రథ నిలిచియున్నది.

ఒక పాఠము: ఎర్ర గొంగళి పురుగు

పొలము విద్యాసాధనమెట్లగునో ఒక ఉదాహరణమున గ్రహింపవచ్చును. చిత్తూరు, తిరుత్తణి ప్రాంతముల మెట్ట వేరుశెనగను ఎర్ర గొంగళి పురుగు కొన్ని సంవత్సరములలో ఆకు మిగులకుండ తినివేయును. దీని ప్యూపాలు నెలల తరబడి నేలలో నిద్రించును. మంచి వర్షము పడగానే రెక్కల పురుగులు బయటికి వచ్చి, ఆకులపై గుంపులుగా గ్రుడ్లు పెట్టును. పిల్ల పురుగులు ఒక చేను ముగించి, పక్క చేనిపైకి దండువలె నడచును.

ఈ జీవితచక్రము ఎరిగిన విద్యార్థికి నివారణోపాయము తనంత తానే స్ఫురించును. వేసవి దుక్కి లోతుగా దున్నినచో ప్యూపాలు పైకివచ్చి ఎండకు చచ్చును. పక్షులు ఏరుకొని తినును. వర్షము పడిన రాత్రులలో దీపపు ఎరలు పెట్టినచో రెక్కల పురుగులు వచ్చి పడును. గ్రుడ్ల గుంపులున్న ఆకులను ఏరి నాశనము చేయవచ్చును. చేని చుట్టు కందకము త్రవ్వినచో పురుగుల దండు ఆగును. ఈ పనులన్నియు ఊరివారందరు ఒకేసారి చేసినపుడే ఫలించును. ఒక్కని చేనిలో చేసిన లాభము లేదు. ఈ ఒక్క పాఠములో జంతుశాస్త్రము, ఋతుజ్ఞానము, గ్రామ సహకారము మూడును కలిసినవి. రైతు కానున్నవానికే కాక, వైద్యుడో ఉపాధ్యాయుడో కానున్నవానికిని ఇది ఉపకరించు విద్య.

ఇట్టివే ఇంకను కలవు. నూరు విత్తనములను తడిగుడ్డలో ఉంచి ఎన్ని మొలకెత్తినవో లెక్కించుటలో శాతము అను గణితము కలదు. వేరుశెనగ మొక్కను పెకలించి వేళ్ళపై బుడిపెలను చూపినచో, గాలిలోని నత్రజనిని సూక్ష్మజీవులు మొక్కకు అందించు విధము తెలియును. వేరుశెనగ తరువాత వేసిన పైరు ఏపుగా పెరుగునని పెద్దలు చెప్పుటలోని కారణము బోధపడును.

తిరూరు వరి

తిరువళ్ళూరునకు సమీపమున తిరూరు కలదు. అచట 1942లో వరి పరిశోధన కేంద్రము ఏర్పడినది. అచట పుట్టిన వంగడములకు టి.కె.ఎం. అను పేరు పెట్టుదురు. 1952లో విడుదలైన టి.కె.ఎం. 6 అను వంగడము కాండము తొలుచు పురుగునకు కొంత తట్టుకొను గుణము కలది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణమును ఆశించి దీనిని సంకరమునకు వాడినది. 1969లో వెలువడి ఆసియాలోని పలు దేశములకు వ్యాపించిన ఐ.ఆర్. 20కి టి.కె.ఎం. 6 ఒక జనకము. భారతదేశమున ప్రసిద్ధమైన రత్న అను వంగడమునకును ఇదియే జనకము.

తిరువళ్ళూరు సమీపమున పండిన గింజ ఇన్ని దేశముల మడులలో వంశము నిలుపుకొన్నది. ఆ కేంద్రమునకు కొన్ని మైళ్ళ దూరమున చదువు విద్యార్థి ఈ కథ వినకయే పాఠశాల ముగించుట విచారకరము. సంకరమనగా నేమి, జనక గుణములు సంతతికి ఎట్లు సంక్రమించును అను పాఠమునకు దూరదేశపు బఠాణీ మొక్క ఒక్కటే ఉదాహరణము కానక్కరలేదు. ఏడాదికి రెండుసార్లు, నాటుకాలమున ఒకసారి, కోతకాలమున ఒకసారి, విద్యార్థులను తిరూరు మడుల గట్లపై నడిపించినచో పుస్తకమున పది పుటలు చెప్పలేని విషయము కన్నులయెదుట కనబడును. వ్యవసాయ విజ్ఞాన కేంద్రము కూడ అచటనే యుండుట మరియొక సౌకర్యము.

మాటల సమస్య

తెలుగు కుటుంబముల బిడ్డలకు మరొక చిక్కు కలదు. వీరి పొలము పలుకులు తెలుగు; పాఠ్యపుస్తకము తమిళము, లేక ఇంగ్లీషు. తమిళనాడున 2006 నాటి చట్టముచే తమిళము క్రమముగా పదవ తరగతి వరకు తప్పనిసరి పాఠ్యవిషయమైనది. నివసించు రాష్ట్రపు భాషను చక్కగా నేర్చుట మేలే. పైచదువునకు, అధికారులతో వ్యవహారమునకు అది అత్యావశ్యకము. అయితే ఇంటి మాటకును బడి మాటకును వంతెన లేకపోయినచో తండ్రి జ్ఞానము కుమారునికి అందదు.

తండ్రి తూము అనును. పుస్తకము మదగు అనును. ఇంటిలో నారుమడి, బడిలో నాట్రంగాల్. ఇంటిలో మడక, బడిలో కలప్పై. ఇంటిలో శెనక్కాయ, బడిలో నిలక్కడలై. చెరువు నీటిని వంతులవారీగా పంచు నీరుగంటికి, అధికమైన నీరు పొర్లిపోవు మొరవకు పాఠములో చోటే లేకపోవచ్చును. మాట పోయినచో పోవునది మాట మాత్రమే కాదు. ఏ నేల ఎపుడు పదునెక్కును, ఏ గాలికి ఏ తెగులు తగులును అను అనుభవమంతయు ఆ మాటలలోనే దాగియున్నది.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును ప్రకటించినది. సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి, విషయము వ్యవసాయము. వృత్తుల పదములను సేకరింప పూనినవారు తొలి సంపుటమును వ్యవసాయమునకే కేటాయించుటలో ఔచిత్యము కలదు. జిల్లాల వారీగా రైతుల నోటినుండి సేకరించిన పదములు అందున్నవి. ఆ పద్ధతినే అనుసరించి తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు ప్రాంతముల తెలుగు సేద్యపు మాటలను విద్యార్థులచేతనే వ్రాయించవచ్చును. ఒక నిలువుగడిలో తెలుగు మాట, రెండవదానిలో తమిళము, మూడవదానిలో శాస్త్రనామము. సెలవులలో తాతను, అవ్వను అడిగి నూరు మాటలు వ్రాసికొని వచ్చిన బాలుడు రెండు భాషలను నేర్చును. తన ఇంటిలోనే ఒక గురువు కలడని తెలిసికొనును.

ఇంటి క్షేత్రము

పాఠశాలకు పొలము లేదను మాట తరచుగా వినబడును. దీనికి అమెరికా దేశమున ఒక ఉపాయము కనుగొనిరి. 1908 ప్రాంతమున మసాచుసెట్సు రాష్ట్రమున స్టిమ్సను అను విద్యావేత్త ఇంటి క్షేత్ర పద్ధతిని ప్రవేశపెట్టెను. విద్యార్థి బడిలో శాస్త్రము చదివి, తన ఇంటి పొలములో ఒక ముక్కపై దానిని ఆచరించి లెక్కలు వ్రాయును. ఉపాధ్యాయుడు వచ్చి చూచిపోవును. 1917లో స్మిత్-హ్యూస్ చట్టము ఉన్నత పాఠశాలల వ్యవసాయ విద్యకు కేంద్ర ధనసహాయము కల్పించినపుడు ఈ పద్ధతి దేశమంతట వ్యాపించినది.

తిరుత్తణి పల్లెలో దీనికి రెండు సెంట్ల నేల చాలును. ఎకరములో నూరవవంతు సెంటు. ఒక సెంటులో తండ్రి పద్ధతి, పక్క సెంటులో పుస్తకపు పద్ధతి. విత్తిన తేదీ, పెట్టిన ఎరువు, కట్టిన నీటి తడులు, కూలి, దిగుబడి, అమ్మిన వెల అన్నియు ఒక పుస్తకమున వ్రాయవలెను. కోత పిమ్మట తండ్రియు కుమారుడును ఆ లెక్కను కలిసి చూడవలెను. ఒకయేడు పుస్తకము గెలుచును. ఒకయేడు తండ్రి గెలుచును. రెండు విధములను పరీక్షింపక దేనినీ నమ్మరాదను బుద్ధి అచట పుట్టును. శాస్త్రదృష్టి యనగా అదియే. భూమి లేని కూలివారి బిడ్డలను ఈ విద్యనుండి తొలగింపరాదు. వారికి బడి ఆవరణలోనో, ఊరుమ్మడి స్థలములోనో రెండు మడులు చూపవలెను.

చేయవలసినది

చెన్నపట్టణము పెరుగుచు తిరువళ్ళూరు పొలములవరకు వచ్చినది. చేలు ఇంటిస్థలములగుచున్నవి. ఈ తరము పిల్లలలో చాలమంది సేద్యము చేయకపోవచ్చును. అది వారి ఇష్టము. అయినను చెరువు కాలువ పూడిపోయినపుడు నష్టమేమో ఎరిగినవాడు, భూసార పరీక్ష పత్రమును చదువగలవాడు, విత్తనపు సంచిపైనున్న వివరములను అర్థము చేసికొనగలవాడు ప్రతి ఇంటను ఒక్కడైనను ఉండవలెను. ఉన్నత పాఠశాలలో వ్యవసాయ విద్య కోరదగినది అందుకొరకే.

ఇందులో ప్రభుత్వము చేయవలసినది కొంత కలదు: ఉపాధ్యాయులు, ప్రయోగ క్షేత్రము, ఉన్నత విద్యకు దారి. తెలుగు సంఘములు చేయదగినదియు కొంత కలదు. పదవ తరగతి ముగియకముందే తల్లిదండ్రులను పిలిచి, ఏయే తరగతులు కలవో, వానినుండి ఏయే కళాశాలలకు పోవచ్చునో తెలుపుట. పదముల పట్టికను అచ్చువేయించి విద్యార్థులకు పంచుట. తిరూరు పరిశోధన కేంద్రమునకు ఏటేట ఒక యాత్ర జరుపుట. ఇవి పెద్ద ధనముతో పనిలేని పనులు.

తిరుత్తణిలో పుట్టిన బాలుడు ఒకడు ప్రపంచ ప్రఖ్యాతుడై, తన నివేదికలో రైతు బిడ్డ చదువునకు అగ్రస్థానము కోరెను. ఆ కోరిక ఆయన పుట్టిన ఊరి చుట్టునున్న బడులలో నెరవేరుట ఆయన స్మృతికి తగిన గౌరవము. ఆ పల్లెల తల్లిదండ్రులకు తీరవలసిన బాకీ.